సరస్సే రన్‌వే.. గడ్డకట్టిన నీళ్లపై విమానాల ల్యాండింగ్! 12 అంగుళాల లెక్క వెనుక అసలు కథ ఇదే

వేసవిలో అక్కడ పడవలు తిరుగుతాయి. పిల్లలు ఈత కొడతారు. చలికాలం వచ్చిందంటే అదే నీళ్ల మీద విమానాలు వచ్చి దిగుతాయి. తారు రోడ్డు లేదు, కాంక్రీటు లేదు. కింద ఉన్నది సరస్సు. పైన ఉన్నది అడుగు మందం ఐస్ మాత్రమే.

వీడియో చూసిన వాళ్లకు ఒకటే డౌట్.. అది విరిగితే పరిస్థితి ఏంటి? టన్ను బరువున్న విమానం దిగుతుంటే నిలబడుతున్న ఐస్, మరో చోట నడిచి వెళ్తున్న మనుషుల కాళ్ల కింద ఎందుకు పగిలిపోతోంది? అమెరికాలో ఉంటున్న వేలాది తెలుగు కుటుంబాలకు ఇది సరదా ప్రశ్న కాదు. ఎందుకో చూద్దాం.

అసలు ఎక్కడుంది ఈ రన్‌వే?

అమెరికా ఈశాన్య మూలన న్యూ హ్యాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రం ఉంది. బోస్టన్ నగరానికి ఉత్తరాన కారులో వెళ్లేంత దూరం. ఆ రాష్ట్రంలోనే పెద్ద సరస్సు విన్నిపెసాకీ. దాని దక్షిణ కొసన సన్నగా పొడవుగా చొచ్చుకొచ్చిన భాగం పేరు ఆల్టన్ బే. ఐస్ రన్‌వే ఉన్నది ఇక్కడే.

వేసవిలో ఇది నీటి మీద దిగే సీప్లేన్ల స్థావరం. చలికాలంలో నీళ్లు తగినంత గట్టిపడితే ఐస్ రన్‌వేగా మారుతుంది. పొడవు సుమారు 2,600 అడుగులు, వెడల్పు 100 అడుగులు. అలాస్కాను, హవాయిని పక్కన పెడితే మిగతా 48 రాష్ట్రాల్లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ గుర్తింపు పొందిన ఐస్ రన్‌వే ఇదొక్కటే. అలాస్కా సంగతి వేరు. అక్కడ చలికాలంలో స్కీలు కట్టుకున్న విమానాలు సరస్సుల మీద దిగడం రోజూ ఉండేదే.

ఆల్టన్ బేకి వచ్చేవి ప్యాసింజర్ జెట్‌లు కాదు. ఇద్దరు, నలుగురు కూర్చునే చిన్న విమానాలు. ఎక్కువ మంది సరదాగా వచ్చే ప్రైవేట్ పైలట్లే. దిగుతారు, విమానాన్ని ఐస్ మీదే పార్క్ చేస్తారు, ఒడ్డున ఉన్న హోటల్‌లో ఏదైనా తిని మళ్లీ ఎగిరిపోతారు. వాటిని చూడటానికి జనం కుటుంబాలతో వస్తారు. ఇక ఈ రన్‌వే రాష్ట్ర ప్రభుత్వానిది. నడిపేది మాత్రం ఎక్కువగా స్థానిక వాలంటీర్లు.

మంచు వేరు.. ఐస్ వేరు

తెలుగులో రెండింటినీ మంచు అనే అనేస్తాం. పైనుంచి పొడిలా కురిసేదీ మంచే, నీళ్లు గట్టిపడితే వచ్చేదీ మంచే. ఈ విషయంలో మాత్రం తేడా తెలియాలి. అందుకే కురిసేదాన్ని మంచు అని, సరస్సు నీరు గట్టిపడిన దాన్ని ఐస్ అని అందాం.

సాధారణంగా ఏ పదార్థమైనా చల్లబడే కొద్దీ బరువెక్కి కిందికి దిగుతుంది. నీళ్లు కూడా 4 డిగ్రీల సెల్సియస్ వరకు అంతే చేస్తాయి. అక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది. ఇంకా చల్లబడిన నీరు తేలికై పైకి వస్తుంది. అందుకే సరస్సు పైనుంచి గడ్డకడుతుంది. అడుగున నీళ్లు నీళ్లుగానే ఉంటాయి, చేపలు బతికే ఉంటాయి.

పైన ఒక పొర ఏర్పడ్డాక ఐస్ కింది వైపు పెరుగుతుంది. అంటే లోపలి నీటి వేడి ఆ పొర గుండా పైకి పోతున్న కొద్దీ కింద కొత్త పొర గట్టిపడుతుంది. ఇక్కడే మంచు అడ్డం పడుతుంది. ఐస్ మీద మంచు కురిస్తే అది దుప్పటిలా పనిచేస్తుంది. వేడి బయటికి పోనివ్వదు. దాంతో బయట ఎంత చలి ఉన్నా ఐస్ మందం నెమ్మదిగానే పెరుగుతుంది. మంచు బాగా కురిసింది కాబట్టి సరస్సు బాగా గట్టిపడి ఉంటుందని అనుకోవడం అందుకే పెద్ద పొరపాటు. నిజానికి జరిగేది దానికి రివర్స్.

12 అంగుళాలే ఎందుకు?

ఆల్టన్ బే రన్‌వే తెరవాలంటే ఐస్ కనీసం 12 అంగుళాలు, అంటే దాదాపు 30 సెంటీమీటర్ల మందం ఉండాలి. ఇదే రాష్ట్రంలో మనుషులు నడవడానికి అధికారులు చెప్పే కనీస మందం 6 అంగుళాలు. మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్లకైతే 8 నుంచి 10 అంగుళాలు. ఈ లెక్కలు అదే రాష్ట్రంలోని హానోవర్‌లో ఉన్న అమెరికా ఆర్మీ శీతల ప్రాంతాల పరిశోధన కేంద్రం సూచనల ఆధారంగా వచ్చినవి.

6 అంగుళాలకు, 12 అంగుళాలకు తేడా రెండింతలే కదా అనిపిస్తుంది. కానీ ఐస్ మోసే బరువు మందంతో సమానంగా పెరగదు. మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెండింతలైతే మోసే శక్తి సుమారు నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు. ఈ లెక్కను రివర్స్‌లో చూస్తే అసలు భయం అర్థమవుతుంది. మందం సగానికి తగ్గితే బలం సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది.

ఇక చిన్న విమానాల్లో బాగా తెలిసిన సెస్నా 172 ఫుల్ లోడ్‌తో సుమారు 1,100 కిలోలు ఉంటుంది. ఒక మామూలు కారంత బరువు. పాతకాలం పైపర్ కబ్ లాంటివైతే అందులో సగమే. అందుకే 12 అంగుళాల గట్టి ఐస్ వాటికి సరిపోతుంది.

అయితే గట్టి ఐస్ అన్న మాటే ఇక్కడ కీలకం. నల్లగా, అద్దంలా పారదర్శకంగా కనిపించే ఐస్ బలమైనది. తెల్లగా, పాలలా కనిపించేది తడిసిన మంచు మళ్లీ గడ్డకట్టి ఏర్పడింది. దాని బలం దాదాపు సగమే. రెండూ 12 అంగుళాలే ఉండొచ్చు, మోసే బరువు మాత్రం ఒకటి కాదు. టేపుతో కొలిచిన అంకె ఒక్కటే సరిపోదు. ఏ రకం ఐస్ అన్నది కూడా చూడాలి.

రన్‌వే ఎలా తయారవుతుంది?

తారు రోడ్డులా ఇది వేసేది కాదు. పెంచేది. సరస్సు గడ్డకట్టడం మొదలయ్యాక వాలంటీర్లు డ్రిల్లుతో వేర్వేరు చోట్ల రంధ్రాలు వేసి మందం కొలుస్తారు. ఒక్క చోట కొలిస్తే కుదరదు. కింద ఊట ఉన్న చోట, వాగు వచ్చి కలిసే చోట, వంతెన దగ్గర, బండరాళ్ల పక్కన ఐస్ పలచగా ఉంటుంది. పది అడుగుల దూరంలోనే పరిస్థితి మారిపోవచ్చు.

మందం కొంత వచ్చాక పైన పడిన మంచును తీసేయడం మొదలుపెడతారు. ముందు తేలికపాటి బండ్లతో, ఆ తర్వాత బరువైన వాటితో. దీంతో రెండు లాభాలు. విమానాలకు దారి శుభ్రపడుతుంది, దుప్పటి తీసేసినట్టయి ఐస్ మందం కూడా త్వరగా పెరుగుతుంది.

కానీ తీసిన మంచు అంతా ఒకే చోట గుట్టగా పోస్తే కొత్త సమస్య. ఆ బరువుకు ఐస్ కిందికి వంగి పగుళ్లు వస్తాయి, నీళ్లు పైకి ఉబుకుతాయి. కాబట్టి గుట్టలు ఎక్కడ, ఎంత ఎత్తు వేయాలన్నది కూడా లెక్కే.

ఒకసారి తెరిచాక పని అయిపోయినట్టు కాదు. వాన పడినా, ఎండ ముదిరినా, ఒక్కసారిగా వెచ్చబడినా రన్‌వే మూసేస్తారు. తెరిచారా, మూశారా అన్న సమాచారం పైలట్లకు అందుతూ ఉంటుంది. ఉదయం దిగిన చోట సాయంత్రం దిగొచ్చన్న గ్యారంటీ లేదు.

బ్రేకులు పనిచేయవు.. మరి ఆపేదెలా?

పైలట్లకు ఇది మామూలు ల్యాండింగ్ కాదు. చక్రాలకు పట్టు దొరకదు. బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం తిరగడం ఆగిపోతుంది, విమానం మాత్రం జారుతూనే ఉంటుంది. అందుకే వీలైనంత తక్కువ వేగంతో, రన్‌వే మొదట్లోనే దిగుతారు. ఆ తర్వాత గాలి నిరోధంతో వేగం తానంతట తాను తగ్గేదాకా ఆగుతారు. దిశ మార్చడానికి బ్రేకుల మీద కాకుండా తోక వైపు ఉండే రడ్డర్ మీద ఆధారపడతారు.

పక్క నుంచి గాలి వీస్తే ఇంకా కష్టం. తారు రోడ్డు మీదైతే టైర్ల పట్టు విమానాన్ని నిలబెడుతుంది. ఇక్కడ గాలి ఎటు తోస్తే అటు జారిపోతుంది. రెండు పక్కలా మంచు గట్లు ఉంటాయి. రెక్క తగిలితే అంతే సంగతులు.

టేకాఫ్‌కు ముందు మామూలుగా పైలట్లు బ్రేకులు నొక్కి పట్టి ఇంజిన్ వేగం పెంచి టెస్ట్ చేస్తారు. ఐస్ మీద అలా చేస్తే విమానం ముందుకు జారిపోతుంది. చుట్టూ జనం ఉంటే తిరుగుతున్న ప్రొపెల్లర్ కన్నా పెద్ద ప్రమాదం లేదు.

ఒక సౌకర్యం మాత్రం ఉంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. దాంతో ఇంజిన్ బలంగా పనిచేస్తుంది, రెక్కలకు లిఫ్ట్ బాగా దొరుకుతుంది. విమానం త్వరగా గాల్లోకి లేస్తుంది.

పార్కింగ్‌లోనూ జాగ్రత్త తప్పదు. కదిలే బరువు క్షణాల్లో దాటిపోతుంది. గంటల తరబడి ఒకే చోట నిలిపిన బరువు కింద ఐస్ మెల్లమెల్లగా వంగుతుంది. అందుకే విమానాలను పక్కపక్కనే గుంపుగా కాకుండా దూరం దూరంగా ఉంచడం మంచిది.

మన శాస్త్రవేత్తలూ ఐస్ మీదే దిగుతారు

ఐస్ రన్‌వేతో భారత్‌కూ సంబంధం ఉంది. అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రానికి వెళ్లే శాస్త్రవేత్తలు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి విమానంలో బయల్దేరి నోవో రన్‌వేపై దిగుతారు. ఐఎల్-76 లాంటి భారీ రవాణా విమానాలు కూడా అక్కడ దిగుతాయి.

మరి అంత బరువు ఎలా మోస్తుంది? అది సరస్సు మీద తేలే పొర కాదు. తరతరాలుగా పేరుకుపోయిన హిమానీనదం ఐస్. విన్నిపెసాకీ మీద ఉన్నది ప్రతి ఏటా కొత్తగా పుట్టి, వసంతానికి కరిగిపోయే అడుగు మందం పొర. రెండింటికీ పేరొకటే, బలం ఒకటి కాదు.

రన్‌వే తెరుచుకోని చలికాలాలు

ఇప్పుడు అసలు సమస్య. 12 అంగుళాలు రాకపోతే రన్‌వే తెరవరు. వెచ్చటి చలికాలాల్లో సీజన్ మొత్తం ఒక్క రోజు కూడా తెరవని సందర్భాలున్నాయి. విమానాలు రాకపోతే చూసే జనం రారు. జనం రాకపోతే ఒడ్డున ఉన్న హోటళ్లకు చలికాలం బేరాలు తగ్గుతాయి.

విన్నిపెసాకీ విషయంలో ఈ మార్పును చూపించే పక్కా రికార్డు ఉంది. సరస్సు మీద ఐస్ ఏ రోజున కరిగిందో 1887 నుంచి రాసి పెడుతున్నారు. దీన్ని ఐస్ అవుట్ అంటారు. మౌంట్ వాషింగ్టన్ అనే పర్యాటక నౌక సరస్సు చుట్టూ ఉన్న తన రేవులన్నింటికీ చేరుకునేంతగా ఐస్ విడిపోతే ఐస్ అవుట్ అయినట్టు లెక్క. విమానంలో పైనుంచి చూసి ప్రకటిస్తారు. ఏ తేదీన అవుతుందో అని స్థానికులు పందేలు కూడా కాస్తారు.

ఈ రికార్డులో అన్నిటికంటే ఆలస్యంగా కరిగింది 1888లో, మే 12న. మామూలుగా ఏప్రిల్ నెలలో కరుగుతుంది. 2016లో మార్చి 18కే కరిగిపోయి రికార్డు సృష్టించింది. ఎనిమిదేళ్లకే, 2024లో మార్చి 17న ఆ రికార్డూ బద్దలైంది. దాదాపు 140 ఏళ్ల లెక్కల్లో తొలి రెండు స్థానాలూ గత కొన్నేళ్లలోనివే.

ఇది ఒక్క సరస్సు కథ కాదు. 2019లో నేచర్ క్లైమేట్ చేంజ్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. కెనడాలోని యార్క్ యూనివర్సిటీకి చెందిన సప్నా శర్మ బృందం ఉత్తరార్ధ గోళంలోని సరస్సులను పరిశీలించింది. ఒకప్పుడు ప్రతి చలికాలం తప్పకుండా గడ్డకట్టే సరస్సుల్లో ఇప్పటికే సుమారు 14,800 సరస్సులు కొన్ని ఏళ్లు గడ్డకడుతూ, కొన్ని ఏళ్లు కట్టకుండా ఉంటున్నాయని లెక్క తేల్చింది. భూతాపం 2 డిగ్రీలు పెరిగితే ఆ సంఖ్య సుమారు 35,300కు చేరుతుందని అంచనా వేసింది.

అస్సలు గడ్డకట్టకపోతే ప్రమాదం లేదు.. సగం కడితేనే!

ఇక్కడే చాలామంది ఊహించని మలుపు ఉంది. చలి తగ్గితే ప్రమాదాలు తగ్గాలి కదా? లెక్కలు అలా చెప్పడం లేదు. 2020లో ఇదే పరిశోధకురాలి బృందం 10 దేశాల్లో చలికాలంలో నీట మునిగి చనిపోయిన ఘటనలను విశ్లేషించింది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్న వెచ్చటి చలికాలాల్లోనే మరణాలు బాగా పెరుగుతున్నాయని తేలింది.

కారణం సింపుల్. గడ్డ చలిలో ఐస్ మందంగా ఉంటుంది. నీళ్లు కనిపిస్తుంటే ఎవరూ అటు వెళ్లరు. మధ్యలో ఉన్న పరిస్థితే ప్రాణాంతకం. పైకి చూస్తే గట్టిగా, తెల్లగా, సురక్షితంగా కనిపిస్తుంది. లోపల పలచబడి ఉంటుంది. పైగా మనుషులు అలవాటు మీద వెళ్తారు. పోయిన ఏడాది ఇదే వారంలో నడిచాం కదా అనుకుంటారు. ఈ ఏడాది సరస్సు ఆ తేదీని పాటించదు.

తెలుగువారు మరిచిపోలేని ఆ రోజు

2022 డిసెంబర్ 26. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, వుడ్స్ కాన్యన్ లేక్. గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుండగా ఐస్ విరిగి ముగ్గురు నీళ్లలో పడిపోయారు. ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు. అక్కడ స్థిరపడిన తెలుగువారు వాళ్లు. ఆ వార్త తెలుగు రాష్ట్రాల్లో తీరని విషాదం నింపింది.

అరిజోనా అంటే ఎడారి, ఎండ గుర్తొస్తాయి. కానీ అక్కడి ఎత్తైన కొండ ప్రాంతాల్లో చలికాలంలో సరస్సులు గడ్డకడతాయి. పగలు ఎండ, రాత్రి చలి. ఐస్ కరుగుతూ, మళ్లీ గట్టిపడుతూ ఉండే చోట దాని బలాన్ని చూపుతో అంచనా వేయడం ఎవరి తరమూ కాదు. ఏటా చలిలో పుట్టి పెరిగిన స్థానికులే ఇలాంటి ప్రమాదాల్లో చనిపోతుంటారు. 40 డిగ్రీల ఎండలో పెరిగి చదువు కోసం, ఉద్యోగం కోసం వెళ్లిన మనవాళ్లకు అది తెలియకపోవడంలో వింతేమీ లేదు.

రన్‌వేకు, మామూలు సరస్సుకు తేడా ఇదే. ఆల్టన్ బేలో రంధ్రం వేసి కొలిచే మనిషి ఉన్నాడు. మందం చాలకపోతే వద్దని చెప్పే అధికారం ఉంది. ఆ మాట వినే పైలట్లు ఉన్నారు. మిగతా వేలాది సరస్సుల దగ్గర ఈ మూడూ ఉండవు. పక్కవాళ్ల అడుగుల గుర్తులు మాత్రమే ఉంటాయి. అవి ఎప్పటివో ఎవరికీ తెలియదు.

ఐస్ మీదికి వెళ్లే ముందు ఇవి గుర్తుంచుకోండి

* ఇతరులు నడుస్తున్నారని వెళ్లొద్దు. అధికారుల హెచ్చరిక బోర్డు ఉంటే దాటొద్దు.
* స్థానికంగా మందం కొలిచే వాళ్లను అడగండి. సమాచారం లేకపోతే వెళ్లకపోవడమే మంచిది.
* పాలలా తెల్లగా, బూడిద రంగులో, తడిగా ఉన్న ఐస్‌ను నమ్మొద్దు. వాగులు కలిసే చోటు, వంతెనలు, చెట్ల మొద్దులు, బండరాళ్ల దగ్గరికి పోవద్దు.
* ఫొటో కోసం అందరూ ఒకే చోట గుంపుగా నిలబడొద్దు. బరువంతా ఒకే చోట పడుతుంది.
* పిల్లలను ఒంటరిగా వదలొద్దు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ముందే చెప్పండి.

ఒకవేళ పడిపోతే..

చల్లటి నీటిలో పడితే ఏం జరుగుతుందో నిపుణులు 1-10-1 అనే సూత్రంతో చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, ఎగశ్వాస వస్తుంది. అప్పుడు కంగారు పడకుండా తల నీటిపైన ఉంచి శ్వాసను అదుపులోకి తెచ్చుకోవాలి. ఆ తర్వాత చేతులూ కాళ్లూ మాట వినేది సుమారు 10 నిమిషాలు. బయటపడే ప్రయత్నం అప్పుడే చేయాలి. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే అయిపోయింది అనుకుని ఆశ వదులుకోకూడదు.

వచ్చిన వైపే తిరగాలి. అంతవరకు మిమ్మల్ని మోసిన ఐస్ అదే. చేతులు ఐస్ మీద చాపి, కాళ్లు ఈత కొట్టినట్టు ఆడిస్తూ పైకి జారాలి. బయటికి వచ్చాక లేచి నిలబడొద్దు. బోర్లా పడుకుని దొర్లుకుంటూ గట్టి చోటికి చేరాలి.

ఒడ్డున ఉన్నవాళ్లు మనసాగక పరుగెత్తుకెళ్తారు. అదే రెండో ప్రమాదానికి దారి తీస్తుంది. ముందు 911కు ఫోన్ చేయండి. తాడు, కర్ర, చున్నీ, ఏది దొరికితే అది దూరం నుంచి విసరండి.

ఆల్టన్ బేలో విమానం దిగే వీడియో చూస్తే ఐస్ అంటే ఎంత గట్టిదో అనిపిస్తుంది. నిజానికి ఆ రన్‌వే చెప్పేది వేరే. ఏళ్లుగా అక్కడ ఉన్నవాళ్లు, ప్రతి చలికాలం ఆ సరస్సును చూసేవాళ్లు కూడా కంటితో చూసి నమ్మరు. కొలుస్తారు. ఒక్క అంగుళం తక్కువున్నా మూసేస్తారు. చలికాలాలు మాట తప్పుతున్న ఈ రోజుల్లో, సరస్సు ఒడ్డున నిలబడి అడుగు వేయాలా వద్దా అని ఆలోచించే ఎవరికైనా అదే లెక్క వర్తిస్తుంది. ఎవరూ కొలవని ఐస్ మీద అడుగు పెట్టకపోవడమే మంచిది.